పక్కనున్న మనిషి పీల్చిన పొగ

పత్తి జిన్నింగు మిల్లు ఏ ఊళ్ళో ఉన్నా దానికో కట్టుబాటు ఉంటుంది: నిప్పు గేటు దాటి లోపలికి రాకూడదు. బీడీ, అగ్గిపెట్టె బయటే వదలాలి. విడి పత్తి కుప్ప మీద చిన్న నిప్పురవ్వ పడినా చాలు. పైకి మంట కనిపించకుండా లోలోపల రగిలి, గంటల తర్వాత గోదాము మొత్తాన్ని పట్టుకుంటుంది. వ్యాపారంలో ‘రెండో బొంబాయి’ అని పేరు తెచ్చుకున్న ఆదోనికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. పత్తి బేళ్ళ మీద బతికే ఊరు కాబట్టి ‘ఇక్కడ పొగ తాగరాదు’ అన్న హెచ్చరిక ఇక్కడి జనానికి పాత పరిచయమే.

ఆ హెచ్చరిక పత్తి కోసం పుట్టింది. అదే మిల్లు బయట టీ అంగట్లో, బస్టాండులో, ఇంట్లో, బీడీ కాల్చేవాడి పక్కన కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల కోసం అలాంటి మాట పుట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. పొగాకు చరిత్ర అంటే పండించినవాళ్ళ చరిత్ర, అమ్మినవాళ్ళ చరిత్ర, తాగినవాళ్ళ చరిత్ర అనుకుంటాం. తాగకుండానే ఆ పొగను పీల్చినవాళ్ళది నాలుగో చరిత్ర. కర్నూలు జిల్లాలోని ఆదోని, ఎమ్మిగనూరు, ఉరుకుంద ప్రాంతాన్ని ఆధారం చేసుకుని ఆ నాలుగో చరిత్రను చెప్పుకోవచ్చు.

పొగాకు ఈ నేలది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో పడమటి తీరానికి వచ్చి, అక్కడి నుంచి దక్కనులోకి ఎక్కింది. ఉత్తరాదిన మొగలు దర్బారుకు అది చేరిన కథ ఆదోనికి చాలా దగ్గరి కథ. అక్బరు పంపిన రాయబారి అసద్ బేగ్ 1604 ప్రాంతంలో బీజాపూరుకు వచ్చాడు. ఇబ్రహీం ఆదిల్‌షా కుమార్తెను అక్బరు కొడుకు దానియాల్‌కు ఇచ్చి చేసే పెళ్ళి వ్యవహారం అతని పని. అంతకుముందు తాను చూడని పొగాకు అతనికి బీజాపూరులో కనిపించింది. కొంత కొని, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా పట్టుకెళ్ళి చక్రవర్తి ముందు పెట్టాడు. వైద్యుడు వద్దన్నా అక్బరు రెండు మూడు సార్లు పీల్చి చూశాడని అసద్ బేగే రాసుకున్నాడు. చక్రవర్తి ఆపేశాడు గానీ దర్బారులోని అమీర్లు ఆపలేదు. 1617 నాటికి జహంగీరు నిషేధం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ప్రకటన ఎవరినీ ఆపలేకపోయింది.

అసద్ బేగ్ బీజాపూరుకు వచ్చిన రోజుల్లో ఆదోని కోట బీజాపూరు సుల్తానుల చేతుల్లోనే ఉంది. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తర్వాత కొన్నేళ్ళకే విజయనగరం నుంచి అది వాళ్ళకు దక్కింది. 1688లో ఔరంగజేబు సైన్యం పట్టుకునేవరకూ వాళ్ళ కిందే ఉంది. చివరి రోజుల్లో ఇక్కడ అధికారం చేసిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊరికి గుర్తు. పొగాకు ఉత్తరాది దర్బారుకు ఏ రాజ్యం నుంచి వెళ్ళిందో ఆ రాజ్యంలోనే ఈ సీమ ఉండేది. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగు ఆదోనిలో కొలువు తీరాడు. దక్కను నవాబుల కొలువుల్లో హుక్కా మర్యాదకు చిహ్నమైన కాలమది. బీదరు పనివాళ్ళు హుక్కా కుండల మీద వెండి తీగతో పూలు చెక్కి పేరు తెచ్చుకున్నారు. అతిథికి హుక్కా ఇవ్వడం గౌరవం, కాదనడం అమర్యాద. పక్కవాడి పొగను భరించడం మన్ననలో భాగమైంది ఇలాంటి కొలువుల్లోనే.

దర్బారు నుంచి పొగాకు వీధిలోకి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. తెలుగు నేల దాన్ని తాగడంతో ఆగలేదు, పండించింది. కర్నూలు, నంద్యాల పక్కన నాటు పొగాకు, కోస్తాలో లంక పొగాకు, ఇరవయ్యో శతాబ్దంలో గుంటూరు వైపు వర్జీనియా పొగాకు సాగయ్యాయి. సిగరెట్టు కంపెనీకి ఆకు సేకరించి పెట్టే ఐ.ఎల్.టి.డి. సంస్థ 1912లో మొదలై చీరాలను పెద్ద కేంద్రంగా చేసుకుంది. హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ 1930 నుంచి చార్మినార్ సిగరెట్టును ఊరూరికీ చేర్చింది. పొగాకు పరిశోధన కేంద్రం 1947లో రాజమండ్రిలో వచ్చింది. పొగాకు బోర్డు 1976లో గుంటూరులో వెలిసింది. ఆకు నాటిన దగ్గర నుంచి బేరన్‌లో ఆరబెట్టి వేలం వేసేదాకా ప్రతి దశకూ ఒక కార్యాలయం ఏర్పడింది. కాల్చాక వచ్చే పొగ ఎవరి ఊపిరిలోకి పోతుందో చూసే కార్యాలయం మాత్రం ఆ రోజుల్లో ఎక్కడా లేదు.

సాహిత్యమూ అప్పటి సమాజాన్నే చూపించింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం శిష్యుడు వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పుతాడు. ఆ నాటకం తొలి ప్రదర్శన 1892లో జరిగింది. చుట్ట కాల్చడం మగతనమూ నాగరికతా అని గురువు పిల్లవాడికి నూరిపోస్తుంటే ప్రేక్షకులు నవ్వుకున్నారు. ఒక పెద్దవాడు పసివాడి ముందు పొగ వదలడం ఆ రోజుల్లో ఎవరికీ ఎబ్బెట్టు కాని విషయం కాబట్టే ఆ నవ్వు అంత తేలిగ్గా వచ్చింది.

పక్కనున్న మనిషికి పొగ ఇబ్బంది అని మొదట రాతపూర్వకంగా ఒప్పుకున్నది రైలు. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా సాగిన రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గాన్ని కలిసింది. ఆదోని పత్తికి బొంబాయి దగ్గరైంది. అప్పటిదాకా కులం చూసుకుని, వరస చూసుకుని దూరదూరంగా కూర్చున్న మనుషులు ఒకే పెట్టెలో గంటల తరబడి మోకాళ్ళు తగిలేలా కూర్చోవలసి వచ్చింది. ఒకడు చుట్ట అంటిస్తే ఆ పెట్టెలో అందరూ దాన్ని తాగినట్టే. 1890 నాటి భారత రైల్వే చట్టం 110వ సెక్షన్ ఈ సంగతినే పట్టించుకుంది. పొగ తాగడానికి ప్రత్యేకించిన పెట్టెలో తప్ప, తోటి ప్రయాణికుల సమ్మతి లేకుండా పొగ తాగితే ఇరవై రూపాయల దాకా జరిమానా అంది. హెచ్చరించాక కూడా మానకపోతే రైల్వే సిబ్బంది ఆ మనిషిని పెట్టెలోంచి దించేయవచ్చు. ఆ రోజుల్లో ఇరవై రూపాయలంటే కూలివాడి నెలల సంపాదన.

ఆ చట్టంలో సైన్సు లేదు. ఊపిరితిత్తుల ప్రస్తావన లేదు. పక్కవాడి సౌకర్యం ఒక్కటే ఉంది. అయినా దానిలో ఒక న్యాయం ఉంది. అడగవలసిన బాధ్యత తాగేవాడిది. దాదాపు వందేళ్ళ తర్వాత, 1989లో వచ్చిన కొత్త రైల్వే చట్టం 167వ సెక్షన్లో ఆ బాధ్యత చేతులు మారింది. పెట్టెలో ఇంకో ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదని రాసింది. అంటే నోరు తెరవాల్సింది పొగ పీల్చేవాడు. చంకన బిడ్డతో నేల మీద కూర్చున్న ఆడమనిషి, ఎదుటి బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని బీడీ కాలుస్తున్న పెద్దమనిషిని ‘అన్నా, ఆపు’ అని అడగగలదా? వాన తగ్గిన ఏడాది కౌతాళం, కోసిగి వైపు ఊళ్ళకు ఊళ్ళే మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్ళిపోతాయి. కిక్కిరిసిన బండిలో పసిపిల్లలతో ప్రయాణమయ్యే ఆ కుటుంబాల్లో ఎంతమంది నోరు తెరిచి అభ్యంతరం చెప్పి ఉంటారు? కాగితం మీది హక్కు అడిగే ధైర్యం ఉన్నవాడికే దక్కింది.

రెండో హెచ్చరిక సినిమాతో వచ్చింది. తొలినాళ్ళ ఫిల్ము సెల్యులోజ్ నైట్రేటుతో చేసేవారు. అది పెట్రోలులా అంటుకుంటుంది. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం తేవడానికి సెన్సారు ఒక కారణమైతే అగ్నిభయం ఇంకో కారణం. ప్రొజెక్టరు గదిలో పొగ తాగడం మీద నిషేధం వచ్చింది. హాల్లో మాత్రం తెర మీద ‘పొగ త్రాగరాదు’ స్లైడు పడుతూనే ఉండేది, నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా బీడీలు వెలుగుతూనే ఉండేవి.

టూరింగు టాకీసుల కాలంలో సినిమా చూసినవాళ్ళకు ఆ దృశ్యం బాగా గుర్తుంటుంది. వెనక గోడలోని చిన్న కంత నుంచి తెర దాకా తలల మీదుగా వెలుగు దూలంలా సాగేది. ఆ వెలుగులో పొగ మెల్లమెల్లగా సుడులు తిరుగుతూ, పాయలుగా విడిపోతూ, మళ్ళీ కలుస్తూ కనిపించేది. పిల్లలు తెర మీది బొమ్మ మాని దాన్నే చూస్తూ ఉండిపోయేవారు. గాలి శుభ్రంగా ఉంటే వెలుగు దారి పక్క నుంచి చూసేవాడికి కనిపించదు. గాలిలో తేలే సన్నని కణాలు వెలుగును చెదరగొడితేనే కంటికి ఆనుతుంది. ఐర్లండులో పుట్టిన శాస్త్రవేత్త జాన్ టిండాల్ 1870లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో గాలిలోని ధూళిని సరిగ్గా ఇలాగే వెలుగు కిరణంతో పట్టి చూపించాడు. మన హాళ్ళలో ఆ ప్రయోగం ప్రతి ఆటకూ జరిగింది. ఇంటర్వెల్లు తర్వాత వెలుగు దూలం మరింత చిక్కబడేది. చూస్తున్నవాళ్ళంతా ఆ కణాల్నే పీలుస్తున్నారు.

ఆ కణాల లెక్క ఇప్పుడు తెలుసు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. గాలి కాలుష్యం గురించి మాట్లాడేటప్పుడు చెప్పే పీఎం 2.5 కణాలు రెండున్నర మైక్రాన్లకు లోపువి. బీడీ, సిగరెట్టు పొగలోని కణాల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాను కన్నా చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివర గాలిబుడగల దాకా పోతాయి, కొన్ని రక్తంలోకి దిగుతాయి. పక్కవాడు పీల్చే పొగలో ఎక్కువ వంతు తాగేవాడి నోటి నుంచి వచ్చేది కాదు. రెండు దమ్ముల మధ్య వేళ్ళ సందున ఊరికే కాలుతున్న కొస నుంచి లేచేది. అక్కడ వేడి తక్కువ కాబట్టి ఆకు సరిగా కాలదు, విషపదార్థాలు ఎక్కువగా పుడతాయి. ఫిల్టరున్న సిగరెట్టు తాగేవాడి పొగ దాని గుండా పోతుంది. పక్కవాడి పొగకు ఫిల్టరు లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 28 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఒక సిగరెట్టు కాలితే గాలిలోకి సుమారు 10 మిల్లీగ్రాముల సన్నకణాలు చేరతాయి. తలుపు, కిటికీ మూసి ఉంటే ఆ గదిలో ఘనపు మీటరుకు 350 మైక్రోగ్రాముల దాకా ఉన్నట్టు. బయటి గాలికి మన దేశం 2009లో పెట్టుకున్న ప్రమాణం ఇరవై నాలుగు గంటల సగటున 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన పరిమితిని 15కు దించింది. గాలి ఆడే కొద్దీ గదిలోని కణాలు తగ్గుతాయి, నిజమే. కానీ రోజుకు పది, పదిహేను కాల్చే ఇంట్లో అవి తగ్గేలోపే మరొకటి వెలుగుతుంది.

ఇటలీ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ సంగతిని అందరికీ అర్థమయ్యేలా చేసింది. కొండ ప్రాంతంలోని ఒక ఊళ్ళో, మూసిన గ్యారేజీలో డీజిలు కారును అరగంట నడుపుతూ ఉంచి కణాలు కొలిచారు. గ్యారేజీ గాలి మార్చి, తర్వాత అంతే సేపట్లో మూడు సిగరెట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి మళ్ళీ కొలిచారు. సిగరెట్ల వల్ల చేరిన సన్నకణాలు కారు వల్ల చేరినవాటికి దాదాపు పది రెట్లు తేలాయి. ఆ కారు గంధకం తక్కువున్న డీజిలుతో నడిచే కొత్తరకం బండి. మన రోడ్ల మీది పాత లారీతో పోల్చలేం. అయినా లారీ పొగ వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే మనం, ఇంట్లో సిగరెట్టు పొగకు ముక్కు మూసుకోం.

ఇంట్లోని పొగ మనుషుల్ని ఏం చేస్తుందన్నది జపాను నుంచి తెలిసింది. తకేషి హిరయామా అనే పరిశోధకుడు పొగ తాగని 91,540 మంది గృహిణుల వివరాలు ఏళ్ళ తరబడి గమనించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అంత ఎక్కువ. ఆ ఆడవాళ్ళెవరూ పొగ తాగలేదు. అమెరికాలో జేమ్స్ రెపేస్, ఆల్ఫ్రెడ్ లౌరీ అంతకు ఏడాది ముందే హోటళ్ళలో, బార్లలో గాలిని కొలిచి, పొగ తాగేచోట కణాల మోతాదు తాగనిచోటి కన్నా ఎన్నో రెట్లని చూపించారు. సిగరెట్టు కంపెనీలు ఈ ఫలితాల మీద పెద్ద ఎత్తున దుమ్మెత్తిపోశాయి. సాక్ష్యం మాత్రం పెరుగుతూ పోయింది. గుండెపోటు, పసిపిల్లల్లో ఉబ్బసం, చెవి జబ్బులు, తక్కువ బరువుతో బిడ్డలు పుట్టడం కూడా పక్కవాడి పొగ చేసే హానుల జాబితాలో చేరాయి. 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ఒక మాట తేల్చి చెప్పింది: పక్కవాడి పొగలో ప్రమాదం లేని మోతాదంటూ లేదు. కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా, తాగేవాళ్ళను అదే గదిలో ఓ మూలకు జరిపినా సరిపోదు.

తెలుగు నేల మీద కూడా పొగాకు గురించి గొప్ప పరిశోధన జరిగింది. ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు చుట్టను నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మీద, పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి రాసిన పరిశోధన 1971లో వచ్చింది. అంగిటికి వచ్చే క్యాన్సరును అర్థం చేసుకోవడానికి ప్రపంచమంతా ఆ పని మీద ఆధారపడింది. అయితే ఆనాటి పరిశోధకుల చూపు తాగేవాళ్ళ నోటి మీదే ఆగింది. అదే గుడిసెలో పొగ పీలుస్తున్న పిల్లల మీదికి అది ఇంకా మళ్ళలేదు.

ఎమ్మిగనూరులో ఇల్లే పనిచోటు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన నేత సహకార సంఘం ఈ పట్టణానికి దేశమంతటా పేరు తెచ్చింది. ఆ పేరు వెనక వేల ఇళ్ళు ఉన్నాయి. నేతగాడు గుంటలో కాళ్ళు దింపి మగ్గం ముందు కూర్చుంటాడు. పక్కనే భార్య రాట్నం తిప్పి కండెలు చుడుతుంది. పడుగు తడారిపోకుండా గది తేమగా, చాలాసార్లు మూసి ఉంచుతారు. పిల్లల చదువు, ముసలివాళ్ళ నిద్ర అన్నీ ఆ గదిలోనే. అలాంటిచోట ఒకరు బీడీ కాలిస్తే ఇల్లంతా ఒకే గాలి పీలుస్తుంది. గదిలో నూలు ధూళి ముందే ఉంది. పత్తి ధూళి ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందనీ, పొగ తోడైతే అది ముదురుతుందనీ వైద్యులు ఎప్పుడో తేల్చారు. మిల్లుల్లో బతికే ఆదోనికీ, మగ్గాల దగ్గర బతికే ఎమ్మిగనూరుకూ పక్కవాడి పొగ రెండో దెబ్బ.

దేశవ్యాప్తంగా 2009-10లో జరిగిన పొగాకు సర్వేలో, ఇంట్లో పొగ పీలుస్తున్నామన్న పెద్దలు 52.3 శాతం. 2016-17లో వాళ్ళు 38.7 శాతానికి తగ్గారు. తగ్గుదల చిన్నది కాదు. అదే సర్వేల్లో నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్ళలో పనిచోట పొగ పీల్చేవాళ్ళు 29.9 శాతం నుంచి 30.2 శాతానికి చేరారు. ఇంట్లో భార్యాబిడ్డల మాట చెవికెక్కుతోంది, చట్టం కాపాడాల్సిన పనిచోట మాత్రం మార్పు రాలేదు.

చట్టం కథ చెప్పుకుంటే బాధ కలుగుతుంది. పదిమంది పీల్చే గాలిని ఆరోగ్యానికి హాని కలిగేలా చెడగొట్టడం నేరమని భారత శిక్షాస్మృతి 278వ సెక్షన్ 1860లోనే చెప్పింది. పొగాకు పొగకు అది వర్తిస్తుందని ఒక హైకోర్టు గట్టిగా చెప్పడానికి 139 ఏళ్ళు పట్టింది. 1999 జూలై 12న కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడం పక్కవాడి జీవించే హక్కును దెబ్బతీస్తుందని తీర్పునిచ్చింది. మురళీ దేవరా వేసిన పిటిషను మీద 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆస్పత్రులు, బళ్ళు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రజా వాహనాలు, సభాభవనాల్లో దేశమంతటా నిషేధించింది. 2003లో పార్లమెంటు పొగాకు నియంత్రణ చట్టం చేసింది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. హోటలు, సినిమా హాలు, బస్టాండు, రైల్వే స్టేషను, పనిచోటు అన్నీ వాటి కిందికి వచ్చాయి. జరిమానా రెండు వందల రూపాయల దాకా. ప్రతి చోటా అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పై సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గని బోర్డు పెట్టాలి. ఎవరైనా ఉల్లంఘిస్తే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు దాని మీద రాయాలి. ఆ చోటి యజమాని యాష్‌ట్రే, అగ్గిపెట్టె కూడా అక్కడ ఇవ్వకూడదు.

ఈ చట్టం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఉరుకుందలో శ్రావణమాసంలో చూడవచ్చు. కౌతాళం మండలంలోని ఈ ఊరు, అశ్వత్థ వృక్షం కింద తపస్సు చేసిన ఈరన్న పేరుతో, లక్ష్మీనరసింహుడి క్షేత్రంగా వెలిసింది. కర్నూలు జిల్లా నుంచే కాదు, రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కన్నడం మాట్లాడే భక్తులూ వస్తారు. ఈ సీమలో ఇంటికో ఈరన్న, వీధికో ఈరమ్మ ఉన్నారంటే ఆ స్వామి చలవే. శ్రావణంలో ఆదోని, ఎమ్మిగనూరు నుంచి వచ్చే బస్సులు నిండిపోతాయి. పసిబిడ్డల పుట్టువెంట్రుకల మొక్కులు, ముసలి తల్లుల ఆఖరి మొక్కులు అన్నీ ఆ జనంలోనే. బస్సులో, బస్టాండులో, హోటల్లో, భక్తులు పడుకునే సత్రంలో పొగ తాగడం చట్టప్రకారం నేరం. ఆరుబయలును మాత్రం 2003 చట్టం బహిరంగ స్థలం నిర్వచనం నుంచి మినహాయించింది. జాతర జనం నిండా ఆరుబయటే ఉంటారు. భుజాలు ఒరుసుకునే వరసలో ముందున్నవాడు బీడీ అంటిస్తే వెనకనున్న బాలింతకు చట్టం సాయం రాదు. అక్కడ ఆమెను కాపాడగలిగినవి రెండే: దేవస్థానం నియమం, తోటి భక్తుడి మర్యాద.

ఇక ఇల్లు ఏ చట్టానికీ అందదు. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో కర్నూలు నగరం పేరు ఉంది. రోడ్ల ధూళినీ, వాహనాల పొగనూ కొలిచే యంత్రాలు బయటి గాలిని కొలుస్తాయి. మూసిన గదిలో, మగ్గం పక్కన, ఉయ్యాల దగ్గర పెరిగే కణాల్ని అవి పసిగట్టవు.

చట్టం సరిగా నడిస్తే ఫలితం ఎంత త్వరగా వస్తుందో స్కాట్లండ్ చూపించింది. 2006 మార్చిలో అక్కడ మూసిన బహిరంగ ప్రదేశాలన్నిటా పొగ తాగడం ఆపేశారు. ఏడాది తిరిగేసరికి గుండెపోటు లాంటి జబ్బులతో ఆస్పత్రిలో చేరేవాళ్ళు 17 శాతం తగ్గారు. ఎన్నడూ పొగ తాగనివాళ్ళలో తగ్గుదల అంతకన్నా ఎక్కువ. మన దేశంలో 2007లోనే చండీగఢ్ పొగరహిత నగరంగా ప్రకటించుకుంది. మరోవైపు పక్కవాడి పొగ వల్ల ప్రపంచంలో ఏటా 12 లక్షలకు పైగా మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వీళ్ళలో ఎవరూ తమ చేత్తో నిప్పు అంటించుకోలేదు.

ఆదోని పత్తికి దొరికిన కాపుదల ఆదోని మనిషికి దొరకాలంటే కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. మిల్లు యజమాని గోదాము గురించి ఎంత పట్టుదలగా ఉంటాడో టీ తాగే షెడ్డు గురించీ అంతే పట్టుదలగా ఉండాలి. బస్టాండులో, సత్రంలో బోర్డు పెట్టి దాని మీద బాధ్యుడి పేరు రాయాలి. ఉరుకుందలో దర్శనం వరసలు, నిద్రచేసే పందిళ్ళు పొగలేని చోట్లని దేవస్థానం మైకులో తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పించవచ్చు. భక్తులు ఆ మాట వింటారు. బీడీ మానలేకపోతున్నవాళ్ళు ముందు ఇంటి గడప దాటి, పిల్లలకు దూరంగా వెళ్ళి కాల్చాలి. పూర్తిగా మానాలనుకుంటే 1800-11-2356 నంబరుకు ఫోను చేయండి. కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే ఆ సహాయ కేంద్రానికి ఫోను చేయడానికి డబ్బు ఖర్చవదు.